బరువు ఏ ముక్క మీద

పరుపుల షెడ్డు నుంచి,
వానలు మొదలైన వారం

దూదిపింజా,

ఎలా ఉన్నావు తల్లీ. మీ హాస్టల్లో ఫోన్ ఇవ్వరట కదా. ఇంటికి ఫోన్ చేసిన పిల్లలు తర్వాత అన్నం మానేసి ఏడుస్తున్నారని వార్డెన్ మేడమ్ మాన్పించిందట. ఉత్తరాలైతే ఇస్తారని మీ నాన్న చెప్పాడు. అందుకని రాస్తున్నాను. నేను చదివింది తక్కువ, నీకు తెలుసు. దీర్ఘం ఉండాల్సిన చోట లేకపోయినా, ఉండకూడని చోట ఉన్నా నువ్వే సర్దుకుని చదువుకో.

మీ నాన్న నిన్న లారీ బయట ఆపి షెడ్డులోకి వచ్చాడు. బస్తా మీద కూర్చున్నాడు. నేను మంచినీళ్ళిస్తే తాగకుండా పట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు, ఇంగ్లీషు క్లాసులో నువ్వు నోరు తెరవడం లేదని. టీచరు లేపి చదవమంటే పుస్తకం పట్టుకుని పెదాలు బిగించి నిలబడతావట. పొడుగు మాట కనిపిస్తే మరీనట. "వాళ్ళమ్మ పోయాక ఇలా అయింది అత్తయ్యా, నాతో కూడా తల ఊపడమే" అన్నాడు. లారీ మీద ఊళ్ళు పట్టుకు తిరిగే మనిషి నిన్ను ఎక్కడ పెట్టుకుంటాడు, హాస్టల్లో వేశాడని నేను అతన్ని ఏమీ అనలేదు. అనాలనిపించింది, అనలేదు.

నీకొక సంగతి చెబుతాను. మీ అమ్మ కూడా నీ ఈడులో పొడుగు మాటలంటే భయపడేది. బడి నుంచి తిన్నగా షెడ్డుకొచ్చి, నా ఎదురుగా దూది గుట్ట మీద కూర్చునేది. నేను పాత పరుపు విప్పి దూదిని కర్రతో కొడుతుంటాను కదా. ముందు చిన్న దెబ్బలు, గడ్డలు విడిపోవడానికి. ఆఖర్న ఒక పెద్ద దెబ్బ, దూది పైకి లేవడానికి. మీ అమ్మ దెబ్బకో ముక్క చొప్పున మాటని విరిచేది. రె, స్పాన్, సి, బి, లి, అని చిన్న దెబ్బలు. టీ అని పెద్ద దెబ్బ. ఆ టీ దగ్గర దూది లేచి దాని జుట్టు మీద పడేది. ఎగ్, జా, మి, నే, మళ్ళీ షన్ దగ్గర పెద్ద దెబ్బ. ఆ మాటలకి అర్థమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దెబ్బలు మాత్రం తెలుసు. షెడ్డులో వాళ్ళందరూ దాన్ని గంట అని పిలిచేవాళ్ళు, ప్రతి మాటా చివర్న మోగుతుందని. పెళ్ళయ్యాక, మందుల షాపులో ఉద్యోగం వచ్చాక కూడా ఇటొస్తే అంతే, నా కర్ర దగ్గర కూర్చుని ఆ మందుల పేర్లు విరిచేది.

నువ్వు కూడా అలా చెయ్యి. కర్ర లేకపోతే మంచం కోడు మీద వేలితో కొట్టుకో. చిన్నవి, చిన్నవి, ఆఖర్న పెద్దది. నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

మీ అమ్మమ్మ


హాస్టల్, మేడ మీద గది
ఆదివారం

అమ్మమ్మా,

నీ ఉత్తరం వార్డెన్ మేడమ్ ముందు చదివి తర్వాత ఇచ్చింది. మీ అమ్మమ్మ కర్రతో ఎవరిని కొడుతుంది అని అడిగింది. దూదిని అన్నాను. నమ్మలేదు. మొదటి ఉత్తరమే చూస్తుందట, ఇక నుంచి విప్పకుండానే ఇస్తుందట.

నా పక్క మంచం అమ్మాయిని అందరూ పొడుగు అంటారు. పడుకుంటే కాళ్ళు మంచం దాటిపోతాయి. తను స్కేలుతో ఇనప మంచం మీద కొట్టింది, నేను విరిచాను. వారమంతా అలా చేశాం. రెస్పాన్సిబిలిటీ మొత్తం వచ్చేసింది. తర్వాత ఇంగ్లీషు టీచరు నన్ను లేపితే లేచి చదివాను అమ్మమ్మా. నిజంగా చదివాను. ఆ మాట రాగానే నువ్వు చెప్పినట్టే ఆఖరి టీ మీద గట్టిగా కొట్టాను, నోటితో.

క్లాసంతా నవ్వారు. టీచరు నవ్వలేదు. ముక్కలు చాలా బాగా విరిచావు, ఒక్కటి కూడా మింగలేదు, ఎవరు నేర్పారు అని అడిగింది. మా అమ్మ ఇలాగే అంటుంది అన్నాను. అనేది అని చెప్పాల్సింది కదా. అప్పుడు నవ్వే వాళ్ళు కూడా ఆపేశారు. అది ఇంకా బాగోలేదు.

టీచరు బోర్డు మీద రాసి చూపించింది. ముక్కలన్నీ సరేనట, బరువు మాత్రం 'బి' మీద పడాలట. చివర ఆ టీ ఉన్న మాటలకి ఎప్పుడూ అంతేనట, చివరి నుంచి వెనక్కి మూడో ముక్క లెక్కపెట్టుకోవాలట. షన్ అని ముగిస్తే షన్ మీద కాదు, దాని ముందు ముక్క మీద. ఎగ్జామినేషన్‌లో 'నే' మీద. టీచరు ఆ బరువుని స్ట్రెస్ అంటుంది. అది మా నాన్నకి ఉందని డాక్టరు చెప్పాడు అంది పొడుగు. పొడుగు మాటకి తల, ఒళ్ళు, తోక ఉంటాయని కూడా టీచరు చెప్పింది. యాంటీబయాటిక్‌లో యాంటీ అనేది తల, ఎదురు తిరిగేది అని దాని అర్థం. తల తెలిస్తే సగం మాట తెలిసినట్టేనట.

పెద్ద సెలవుల ముందు ప్రిన్సిపాల్ గారి గదిలో అందరూ ఒక పేజీ పైకి చదవాలి. చదవని వాళ్ళు మళ్ళీ ఇదే క్లాసు.

అమ్మమ్మా, అమ్మ తప్పుగా అనేదా? నిజం రాయి.

దూదిపింజ


పరుపుల షెడ్డు నుంచి,
సోమవారం

తల్లీ,

నీ ఉత్తరం చదివి కర్ర పక్కన పడేశాను. ఆ పూట పని చేయలేదు. షెడ్డు మేస్త్రి వచ్చి ఒంట్లో బాగోలేదా అని అడిగాడు. బాగానే ఉంది అన్నాను.

మీ టీచరు ఎంత చదివిందో నాకు తెలియదు. చాలా చదివే ఉంటుంది. మీ అమ్మ మందుల షాపులో కౌంటర్ దగ్గర నిలబడి, డాక్టర్ల కోడిగీతలు చదివి, వీధిలో వాళ్ళందరికీ ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పిన మనిషి. ఒక్కరైనా వచ్చి ఈ అమ్మాయి తప్పు చదివింది అన్నారా? దాని మాటని నువ్వు తప్పనుకోకు. అడగను కూడా అడగకు.

నీకు తెలియని సంగతి రాస్తాను. ఇంట్లో మీ అమ్మ బట్టలున్నాయి. చెప్పులున్నాయి, నేను తీయనివ్వలేదు. దువ్వెనలో జుట్టు కూడా ఉంది. గొంతు మాత్రం లేదు. ఎంత తలుచుకున్నా గొంతు రావడం లేదు నాకు. మొహం వస్తుంది, పెదాలు కదులుతాయి, చప్పుడు ఉండదు. ఇక్కడ కర్ర ఎత్తి చిన్నవి కొట్టి, ఆఖరి పెద్ద దెబ్బ వేసినప్పుడు మాత్రం ఒక్క క్షణం వినిపిస్తుంది. టీ అని. షన్ అని. నాకు మిగిలింది అంతే. దాన్ని ముందు ముక్క మీదికి జరపమంటే ఎలా జరుపుతాను?

నువ్వు మీ అమ్మలాగే చదువు. నవ్వేవాళ్ళని నవ్వుకోనివ్వు. వాళ్ళకి అమ్మలున్నారు, ఎంతైనా నవ్వుతారు.

మీ అమ్మమ్మ


హాస్టల్, మేడ మీద గది

అమ్మమ్మా,

నీకు కోపం వచ్చింది. నేను అడగకుండా ఉండాల్సింది.

నేను ఇంక చదవడం లేదు. అమ్మలాగా చదివితే నవ్వుతారు, తర్వాత జాలిగా చూస్తారు. టీచరులాగా చదివితే నీకు వినిపించేది కూడా పోతుంది. అందుకని రెండూ వద్దు. లేపితే లేచి నిలబడతాను. టీచరు కాసేపు చూసి కూర్చోమంటుంది. తిట్టదు. తిడితే బాగుండు.

ఇంకో సంగతి ఉంది. వార్డెన్ మేడమ్ నాన్నకి ఫోన్ చేసింది. పైకి చదివే పరీక్షలో కూడా ఈ పిల్ల నోరు విప్పకపోతే మా వల్ల కాదు, తీసుకెళ్ళిపోండి అని చెప్పింది. నేను తలుపు బయటే ఉన్నాను. నాన్న ఏదో అన్నాక, అయితే అమ్మమ్మ గారి దగ్గరే వదిలేయండి అంది.

అంటే నేను చదవకపోతే నీ దగ్గరికి వచ్చేయొచ్చు. ఏమీ చేయక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు. దూది గుట్ట మీద కూర్చుంటాను, దబ్బనంలో దారం ఎక్కించి ఇస్తాను. నువ్వు కొట్టేటప్పుడు అమ్మలాగా నేను అంటాను. అప్పుడు నీకు రోజూ వినిపిస్తుంది.

నువ్వు రమ్మంటే చాలు. రాయి.

దూదిపింజ


ఇంటి నుంచి,
వెంటనే రాస్తున్నాను

నా తల్లీ,

రా.

ఇలా రాయడానికి సిగ్గుపడాలేమో. పడటం లేదు. నీ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో. షెడ్డులో కిటికీ వైపు మూల ఖాళీ చేయించాను. అక్కడ బస్తాలుండేవి, మేస్త్రితో పోట్లాడి అవతలికి వేయించాను. నీకు కొత్త దూదితో చిన్న పరుపు కుడుతున్నాను, పాత దూది అయితే తుమ్ములొస్తాయి. ఇక్కడ దగ్గర్లో బడి ఉంది. చిన్నదే, ఇంగ్లీషు పెద్దగా చెప్పరు. నయం, నిన్నెవరూ లేపి నిలబెట్టరు.

ఇంట్లో ఇన్నాళ్ళూ ఒక్క పళ్ళెమే కడుక్కుంటున్నాను. ఇవాళ రెండోది కూడా తీసి తోమాను.

మీ నాన్నకి నేను చెబుతాను. అతనేమీ అనడు. ఆ పరీక్ష అయిందాకా ఓపిక పట్టు. అప్పటిదాకా నోరు విప్పకు.

మీ అమ్మమ్మ


హాస్టల్, బట్టలుతికే చోట కూర్చుని
ఎండ బాగా ఉంది

అమ్మమ్మా,

నీ ఉత్తరం పొడుగుకి చూపించాను. నువ్వు అదృష్టవంతురాలివి అంది, కానీ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. క్లాసులోనే నోరు విప్పను. ఇక్కడ, బట్టలుతికే చోట, విప్పుతాను. చిన్న క్లాసు పిల్లలు వస్తారు. వాళ్ళకి పొడుగు మాటలు రావు. నేను బండ మీద సబ్బుపెట్టెతో కొట్టి విరిచి చెబుతాను. టీచరులాగా చెబుతాను అమ్మమ్మా, ఏమీ అనుకోకు. అందులో ఒక తమాషా ఉంది. ఫోటోగ్రాఫ్ అంటే బరువు 'ఫో' మీద. తోక మార్చి ఫోటోగ్రఫీ అన్నామనుకో, బరువు లేచి 'టో' మీదికి వెళ్ళిపోతుంది. మాట అదే, ఒళ్ళు అదే. పిల్లలు మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని నవ్వుతారు. ఈ నవ్వు వేరు. అక్కడికి వచ్చాక ఈ ఆట ఎవరితో ఆడాలో తెలియదు. పర్లేదు, మానేస్తాను.

మొన్న నాన్న వచ్చాడు. గేటు బయట లారీ ఎక్కించుకుని కూర్చోబెట్టాడు. నేను పిల్లలకి చెప్పినట్టు నాన్నకి కూడా ఒక మాట విరిచి చూపించాను, యాంటీబయాటిక్. యాన్, టీ, బ, యా, టిక్. 'యా' మీద బరువు వేశాను. నాన్న స్టీరింగ్ మీద తల పెట్టేశాడు. కడుపునొప్పేమో అనుకున్నాను. తర్వాత ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తాను. "అచ్చం మీ అమ్మలా అన్నావు" అన్నాడు.

కాదు నాన్నా, అమ్మ 'టిక్' మీద అనేది, అమ్మమ్మ రాసింది అని చెప్పాను. అది షెడ్డులో మాత్రమే అన్నాడు. షాపులో చేరిన కొత్తలోనే అక్కడి పెద్దాయన అమ్మకి బరువులన్నీ సరిచేశాడట. ఇంట్లో, షాపులో అమ్మ టీచరులాగానే అనేదట. మీ షెడ్డుకి వస్తే మాత్రం గుమ్మం దగ్గరే మార్చేసుకునేదట. ఎందుకలా అని నాన్న ఒకసారి అడిగితే, మా అమ్మ కర్ర అటు తిరగదు, మధ్యలో ఆగిపోతుంది, ఆగిపోతే నాతో మాట్లాడటం కూడా ఆపేస్తుంది అందట.

అమ్మమ్మా, అంటే అమ్మకి రెండు రకాలూ వచ్చు. నీకెందుకు చెప్పలేదు?

పరీక్ష వచ్చే వారం. నువ్వు చెప్పినట్టే నోరు విప్పను. పరుపు కుట్టడం అయిపోయిందా?

దూదిపింజ


ఇంటి నుంచి,
దీపం పెట్టే వేళ

దూదిపింజా,

ఈ ఉత్తరం నీకు పరీక్షలోపే అందాలి. మీ నాన్న స్నేహితుడి లారీ అటు వెళ్తుందంటే అతని చేతికే ఇస్తున్నాను.

నీ ఉత్తరం చదివాక మీ నాన్న మీద కోపం వచ్చింది. లేనిపోనివి చెబుతున్నాడనుకున్నాను. తేల్చుకుందామని మందుల షాపుకి వెళ్ళాను. మీ అమ్మ పోయాక ఆ వీధిలోకి నేను వెళ్ళలేదు, చుట్టు తిరిగి పోతున్నాను. కౌంటర్ దగ్గర దాని చోట ఇప్పుడెవరో కొత్త అమ్మాయి ఉంది. పెద్దాయన నన్ను గుర్తుపట్టి స్టూలు వేయించాడు. ఎలా అడగాలో తెలియక, ఆ మందు పేరు మా అమ్మాయి ఎలా అనేదో ఒక్కసారి అని చూపించండి అన్నాను. ఆయన నావైపు చూసి అన్నాడు. నువ్వు రాసినట్టే, 'యా' మీద.

"ఆఖర్న కొట్టేది కాదా?" అన్నాను.

"అబ్బే. చేరిన కొత్తలో అనేది. నెల తిరక్కుండానే మార్చుకుంది. మళ్ళీ ఎప్పుడూ అలా అనలేదు పెద్దమ్మా."

ఆయన మంచి మాటే చెబుతున్నాననుకున్నాడు. నేను స్టూలు మీంచి లేచి, మందేదీ కొనకుండానే ఇంటికొచ్చేశాను.

నువ్వు అడిగావు, అమ్మ నీకెందుకు చెప్పలేదని. నేనూ అదే అడుగుతున్నాను, ఎవరిని అడగాలో తెలియక గోడని అడుగుతున్నాను. ఉద్యోగం చేసిన అన్నేళ్ళూ అది ఆ గుమ్మం దగ్గర చెప్పులతో పాటు తన గొంతు కూడా విడిచి లోపలికి వచ్చిందన్నమాట. ఎదిగిన నా కూతురు ఎలా మాట్లాడేదో వీధిలో వాళ్ళు విన్నారు, మీ నాన్న విన్నాడు, షాపు పెద్దాయన విన్నాడు. నేను వినలేదు. నాకు చిన్నప్పటి గొంతే వినిపించి వెళ్ళిపోయింది. ముసల్ది సంతోషపడుతుందిలే అనుకుంది. పడ్డాను కూడా. ఇప్పుడు ఏడుపు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు.

నిన్న షెడ్డులో ప్రయత్నం చేశాను. చిన్నవి, చిన్నవి, మధ్యలో పెద్దది, మళ్ళీ చిన్నది. మీ అమ్మ చెప్పింది నిజమే, నా చెయ్యి అటు తిరగదు. దూది ఎగరాల్సినప్పుడు ఎగరలేదు, గడ్డలు గడ్డలుగా పక్కకి పడింది. మేస్త్రి చూసి, ఏంటి పెద్దమ్మా, కొత్తగా నేర్చుకుంటున్నావా అని ఎగతాళి చేశాడు. అవును అన్నాను. కర్ర ఆపి కూర్చున్నాను. మీ అమ్మ గొంతు వినిపించలేదు. పాత దెబ్బ వేసి చూశాను. అప్పుడు కూడా వినిపించలేదు.

ఇప్పుడు నేను చెప్పేది విను. పోయిన ఉత్తరంలో నోరు విప్పకు అని రాశాను కదా. ఆ కాగితం చించెయ్యి. నువ్వు చదవాలి. ప్రిన్సిపాల్ గారి గదిలో నిలబడి, మీ టీచరు చెప్పినట్టు, ఏ ముక్క మీద బరువు పడాలో ఆ ముక్క మీదే వేసి చదవాలి. అది మీ టీచరు గొంతు అనుకోకు, నాకు వినిపించే గొంతు పోతుందని భయపడకు. అది మీ అమ్మ నీ దగ్గర మాట్లాడిన గొంతు. నీ చెవుల్లో ఎక్కడో ఉండే ఉంటుంది, అందుకే నీకంత తొందరగా వచ్చింది.

నా కోసం గొంతు మార్చుకున్నది ఒక్కతి చాలు. ఇంకొకతి నా కోసం నోరు మూసుకుంటే నేను భరించలేను తల్లీ. నువ్వొచ్చి దూది గుట్ట మీద కూర్చుంటావు, నేను అడిగినట్టల్లా ఆఖర్న కొడతావు, లోపల ఇంకోలా అనుకుంటావు. కొన్నాళ్ళకి నువ్వు కూడా ఎలా మాట్లాడతావో నాకు తెలియకుండా పోతుంది. వద్దు. ఆ బండ దగ్గర పిల్లలకి చెప్పుకో.

రావద్దు అని రాయడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. రాశాను, చూడు. రావద్దు. సెలవులకి రా. సెలవులకి వచ్చి, మళ్ళీ వెళ్ళు.

పరుపు అయిపోయింది. అంచులు నాలుగు వైపులా గట్టిగా కుట్టాను, దూది ఒక మూలకి చేరిపోకుండా. లారీలో పంపిస్తున్నాను, హాస్టల్ మంచం మీద వేసుకో. వార్డెన్ మేడమ్ ఏమైనా అంటే మా అమ్మమ్మ కుట్టింది అని చెప్పు.

నువ్వు చదివిన తర్వాత ఎలా చదివావో రాయకు. అందరూ ఎలా విన్నారో కూడా రాయకు. చదివాను అని ఒక్క ముక్క రాస్తే చాలు. మిగతాది సెలవుల్లో నేనే నీ నోటితో వింటాను. ఇన్నాళ్ళూ విననిదేదో అప్పుడు వింటాను.

ఇక్కడ బాగానే ఉన్నాను. బాగా లేను అని రాస్తే నువ్వు బెంగపడతావు, అందుకని బాగానే ఉన్నాను అనుకో. పరీక్ష రోజున భయంతో ఖాళీ కడుపుతో వెళ్ళకు తల్లీ. వేళకి కూర్చుని, కడుపు నిండా తిను.

మీ అమ్మమ్మ